రాకాసి గుళ్ళు అన్న పేరు ఎవరు పెట్టారు?

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. ఈ సంగతి మన జిల్లాల వాళ్ళందరికీ తెలుసు. ఆ ఆమదాలవలస దగ్గరే దన్నానపేట అనే ఊరుందనీ, అక్కడ ఇనుము వాడిన తొలికాలపు మనుషుల రాతి సమాధి ఉందనీ మాత్రం తెలిసినవాళ్ళు తక్కువ. దాని మీద కప్పిన బండ ఒక్కటే. సుమారు 36 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. గజపతినగరం వైపు నుంచి పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళే బస్సులు అరసవల్లి చూపిస్తాయి, శ్రీకూర్మం చూపిస్తాయి, ఓపిక మిగిలితే శాలిహుండం కొండ ఎక్కిస్తాయి. ఈ బండ దగ్గర ఆగిన బస్సు అరుదు.

బస్సు ఆగకపోవడం మీద మాకు పెద్ద ఫిర్యాదు లేదు. ఇలాంటి రాళ్ళ గురించి పుస్తకాలు రాసిన మాటల మీదా, మనం బడిలో పిల్లలకు చెబుతున్న మాటల మీదా ఉంది.

ముందు పేర్లు చూద్దాం. తెలుగు నేల మీద ఇలాంటి సమాధులు వేలల్లో ఉన్నాయి. వాటిని జనం రాకాసి గుళ్ళు అంటారు, పాండవుల గుళ్ళు అంటారు. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో, కోయల ఊళ్ళ మధ్య, దామరవాయి గుట్ట మీద ఉన్నవాటికి కూడా రాకాసి గుళ్ళనే పేరు. ఇంత బండను మామూలు మనిషి ఎత్తలేడు కాబట్టి రాక్షసుడే ఎత్తి ఉంటాడని ఆ పేరు పెట్టినవాళ్ళ ఊహ. ఊరంతా కలిసి, దుంగలు వేసి, మోకులు కట్టి, అంబలి తాగి, పాట పాడుకుంటూ బండను జరిపిన మనుషులకు దక్కాల్సిన పేరు రాక్షసుడికి పోయింది. మన పురాణాల్లో అడవిలో ఉన్నవాడు ఎంత తేలిగ్గా రాక్షసుడైపోతాడో తెలిసినవాళ్ళకు ఈ పేరు అమాయకమైనదిగా అనిపించదు. పాండవుల పేరు వినడానికి మర్యాదగా ఉంటుంది కానీ చేసిన పని అదే. అరణ్యవాసానికి వచ్చి నాలుగు రోజులు తలదాచుకున్న చుట్టానికి ఇల్లే రాసిచ్చినట్టు.

మూడో పేరు చదువుకున్నవాళ్ళది: బృహత్ శిలాయుగం. మేం డైట్‌లో చదువుకునేటప్పుడు ఈ మాటను బట్టీ పట్టాం, ఇప్పుడు పిల్లల చేత పట్టిస్తున్నాం. ఈ మాటలో ఒక చిక్కుంది. పాత రాతియుగం, కొత్త రాతియుగం, ఆ తర్వాత బృహత్ శిలాయుగం అని వరసగా చెప్పేసరికి పిల్లవాడు అదీ ఒక రాతియుగమే అనుకుంటాడు. నిజానికి ఆ సమాధుల్లో దొరికేవి ఇనుప కత్తులు, ఇనుప కొడవళ్ళు, ఇనుప గొడ్డళ్ళు. ఆ మనుషులు పంట పండించారు, ఇనుము కరిగించారు, పూసలు గుచ్చారు. పెద్ద రాయిని వాళ్ళు పనిముట్టుగా చేసుకోలేదు, చనిపోయినవాళ్ళ కోసం నిలబెట్టారు. అంటే అది ఒక ఆచారం. ఆచారానికి యుగం అని పేరు పెడితే ఆ యుగం అయిపోయిందని కూడా చెప్పినట్టే. అయిపోయినదాన్ని చేసేవాళ్ళు ఇంకా బతికే ఉంటారని పిల్లలకు ఎలా తోస్తుంది?

కానీ బతికే ఉన్నారు. మా తగువంతా ఇక్కడే.

సవరల గురించి తెలియని తెలుగు పాఠకుడు మన జిల్లాల్లో ఉండడు. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం కొండల్లోనూ, అవతల ఒడిశాలో గుణుపురం, పర్లాకిమిడి కొండల్లోనూ ఉన్నవాళ్ళు. సవరల పాత ఆచారంలో మనిషి చనిపోతే దహనం చేస్తారు. దానితో పని అయిపోదు. తర్వాత గువార్ అనే పండగ చేసి ఆ మనిషి పేరున ఒక రాయి నాటుతారు. ఏ వంశం రాళ్ళు ఆ వంశానికి ఒకచోట ఉంటాయి. తాత రాయి పక్కన నాన్న రాయి, దాని పక్కన పిన్ని రాయి. దున్నపోతును కోస్తారు, బంధువులు బియ్యం తెస్తారు, కల్లు పోస్తారు. పూనకం వచ్చిన అమ్మ నోట చనిపోయినవాళ్ళు మాట్లాడతారు, బతికున్నవాళ్ళు జవాబు చెబుతారు, అలుగుతారు, ఏడుస్తారు.

కోరాపుట్ కొండల్లోని గదబలది ఇంకో పద్ధతి. మనిషి చనిపోయిన కొన్నేళ్ళకు గోతర్ చేస్తారు. చనిపోయినవాళ్ళు దున్నపోతుల్లోకి వచ్చారని భావించి వాటికి తిండి పెట్టి సాగనంపుతారు, రాళ్ళు నిలబెడతారు. ఊరి మధ్య సదర్ అని రాళ్ళ అరుగు ఉంటుంది. పెద్దల రాళ్ళ మీద కూర్చునే ఊరి తగవులు తీరుస్తారు. గజపతినగరం, మెంటాడ, సాలూరు వైపు గదబలం మేం ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాం, పాత భాష చాలావరకు జారిపోయింది, గోతర్ అన్న మాట మా పిల్లలకు కొత్త. అయినా గట్టు అవతల మన పేరుతోనే ఉన్నవాళ్ళు రాళ్ళు నిలబెట్టారన్న సంగతి పిల్లలకు చెప్పకుండా బృహత్ శిలాయుగం పాఠం ముగించడం మాకు సరిగా అనిపించదు.

ఈ సంగతులేవీ మేం కనిపెట్టినవి కావు. అన్నీ అచ్చులో ఉన్నాయి. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ గదబల, బోండోల రాళ్ళ గురించి 1943లోనే వ్యాసం రాశారు. వెరియర్ ఎల్విన్ సవరల మీద రాసిన పెద్ద పుస్తకం 1955లో వచ్చింది. పియర్స్ వితెబ్‌స్కీ సవరల దగ్గర ఏళ్ళ తరబడి ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, 1993లో ఒక పుస్తకం, 2017లో ఇంకొకటి రాశారు. ఇవన్నీ ఇంగ్లిషు పుస్తకాలు. తవ్వకాల వాళ్ళ పుస్తకాలు వేరే ఉన్నాయి. మార్టిమర్ వీలర్ 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వి, దక్షిణాది రాతి సమాధులకు కాలం కట్టారు. ఆయన కట్టిన కాలం క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం దగ్గర మొదలవుతుంది. తర్వాత వచ్చిన కార్బన్ పరీక్షలు దాన్ని వెయ్యేళ్ళ దాకా వెనక్కి నెట్టాయి.

లైబ్రరీలో ఈ రెండు రకాల పుస్తకాలూ రెండు వేర్వేరు బీరువాల్లో ఉంటాయి. ఒకటి పురావస్తు శాస్త్రం, రెండోది మానవ శాస్త్రం. మొదటి బీరువాలో రాయి కింద ఉన్నవాడికి గతం ఉంటుంది, పేరు ఉండదు. రెండో బీరువాలో రాయి నిలబెట్టినవాడికి పేరు, తెగ, ఫోటో ఉంటాయి, గతం ఉండదు. తాను నిన్నగాక మొన్న పుట్టినట్టు ఉంటాడు. ఈ రెండు బీరువాల మధ్య నడవాలోనే మన చరిత్ర పడిపోయింది.

కుండ సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది.

రాతి సమాధుల్లో రాయి తర్వాత ఎక్కువగా దొరికేది కుండే. అందులోనూ నలుపు-ఎరుపు కుండ. లోపల, మూతి దగ్గర నల్లగా, బయట కింది భాగం ఎర్రగా ఉంటుంది. ఇది రంగు పూసినది కాదు, కాల్చడంలో ఉన్న నేర్పు. కుండను బోర్లించి, మూతి ఊకలోనో బూడిదలోనో కూరుకుపోయేలా పెట్టి కాలిస్తే లోపలికి గాలి అందదు, అక్కడ మట్టి నల్లబడుతుంది. గాలి తగిలిన బయటి భాగం ఎర్రబడుతుంది. ఆవం పేర్చే ఏ కుమ్మరినైనా అడగండి, గాలి తగలని చోట కుండ నల్లబడుతుందని తడుముకోకుండా చెబుతాడు. పుస్తకాల్లో ఈ కుండ పేరు ఒక సంస్కృతికి గుర్తు అయింది. ఆ కుండలో ఏం పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అన్నది మట్టి పెంకుల లెక్కల మధ్య ఒక వాక్యంగా మిగులుతుంది.

ఇప్పుడు రెండో బీరువాలోకి రండి. ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద వేసిన ఏడు సంపుటాల పుస్తకం 1909లో వచ్చింది. ఆరో సంపుటంలో సవరలు ఉన్నారు. సవరల్లో ఏ పని చేసేవాళ్ళను ఏమంటారో అక్కడ ఒక పట్టిక ఉంది. బుట్టలల్లేవాళ్ళు, ఇనుప పని చేసేవాళ్ళు, బట్ట నేసేవాళ్ళు, వాళ్ళ మధ్య కుంబి సవరలు. వీళ్ళు కుమ్మరులు. సవర కొండల్లో కొద్ది ఊళ్ళలోనే కుండలు చేస్తారనీ, ఆ కుండలు వంటకే కాక ఇంట్లో పెద్దల ఆత్మల పేరున వేలాడదీయడానికి కూడా వాడతారనీ అక్కడ రాసి ఉంది. ఈ సమాచారం ఇచ్చింది ఎవరో కాదు, మన గిడుగు రామమూర్తి పంతులుగారు.

ఈ ఒక్క సమాచారం మీద మేం చాలాసేపు ఆగిపోయాం. కొండ మీద ఆదివాసీకి కుండ చేయడం రాదనీ, సంతలో మైదానం కుమ్మరి దగ్గర కొనుక్కోవడమే తెలుసనీ మనలోనే చాలామంది అనుకుంటారు. కుంబి సవర అన్న రెండు మాటలు ఆ అభిప్రాయాన్ని పక్కన పెట్టేస్తాయి. రెండోది ఇంకా పెద్దది. చనిపోయినవాళ్ళ కోసం కుండ. ఇనుప యుగం సమాధిలో మనిషి పక్కన కుండ ఉంది, సవర ఇంట్లో పెద్దల పేరున కుండ వేలాడుతోంది. మొదటిది దొరికితే మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టి సంస్కృతి అంటారు. రెండోదాన్ని అదే కాలంలో ఇంగ్లిషు పుస్తకాలు ఫెటిష్ అన్నాయి, అంటే మూఢంగా పూజించే వస్తువు. మట్టి అదే, పని అదే. పెట్టినవాడు చచ్చిపోయి ఉంటే గౌరవం, బతికి ఉంటే మూఢనమ్మకం.

గిడుగువారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. సవర భాషకు ఆయన చేసినంత మేలు ఆ రోజుల్లో ఇంకెవరూ చేయలేదు. 1931లో వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు తెచ్చారు. అంతకు చాలా ముందే సవర పిల్లలకు సవర భాషలో చదువు చెప్పాలని బడులు పెట్టారు. ఈ మాట ఇప్పటికీ సగం మంది అధికారులకు ఎక్కలేదు. 1919లో శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని లోకం దృష్టికి తెచ్చింది కూడా ఆయనే. ఒకే మనిషి. ఒక చేత్తో సవర ఇంట్లో పెద్దల కుండను చూపించాడు, ఇంకో చేత్తో వంశధార ఒడ్డున స్తూపాన్ని చూపించాడు. స్తూపం అంటే ఏమిటి? పూజ్యుల అస్థికలను పేటికలో పెట్టి, దాని మీద కట్టిన గుండ్రటి దిబ్బ. చనిపోయినవాళ్ళ కోసం దిబ్బ కట్టడం, రాయి నిలబెట్టడం, పాత్ర ఉంచడం ఈ నేల మీద ఎవరికీ పరాయి పని కాదని ఆయన చూపిన రెండు విషయాలను పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు వాటిని పక్కపక్కన పెట్టలేదు. శాలిహుండం చరిత్ర పుస్తకంలోకి వెళ్ళింది, సవర కుండ జాతుల పుస్తకంలో ఉండిపోయింది.

హైమండార్ఫ్‌ను చదివినప్పుడు మాకు ఇంకో రకం ఇబ్బంది. ఆయన వియన్నాలో చదువుకున్నాడు. పెద్ద రాళ్ళు నిలబెట్టే ఆచారం ఆగ్నేయాసియా నుంచి వలసలతో వచ్చిందని వాదించిన పండితుల శిష్యుడు. అందుకే గదబ రాయిని చూసినప్పుడు ఆయన మొదటి ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది అన్నది. మన పాఠ్యపుస్తకాలూ ఆదివాసీని చూడగానే అదే ప్రశ్న అడుగుతాయి. గుడి కట్టినవాణ్ణి ఎవరూ అలా అడగరు. అయినా ఆ వ్యాసంలో ఆయన కళ్ళతో చూసి రాసిన భాగాలు నేటికీ పనికొస్తాయి. సిద్ధాంతాన్ని దాటేసి ఆ భాగాలు చదవమని మా సలహా.

ఎల్విన్ పుస్తకం వేరు. మనుషుల్ని ఇష్టపడి రాశాడని ప్రతి పేజీలో తెలుస్తుంది. రాళ్ళు, కుండలు, గోడ మీది బొమ్మలు, పూజారుల మాటలు అన్నీ ఉన్నాయి. కానీ పుస్తకం పేరులోనే మతం ఉంది. మతం అన్న అట్ట కిందకు చేరేసరికి ఆ రాయి ఎవరి పొలం పక్కన ఉంది, ఏ గెడ్డ ఒడ్డున ఉంది అన్నది పాఠకుడికి ఆనదు. వితెబ్‌స్కీ ఈ విషయంలో మాకు ఎక్కువ నచ్చాడు. చనిపోయిన సవర తాత ఒక ఫలానా చోటికి చెందుతాడనీ, ఆయన జీవం వారసుల పంటలోకి చేరుతుందనీ ఆయన వివరించాడు. అంటే రాయి, చావు, నేల, పంట ఒకే ముడి. ఆయన రెండో పుస్తకం చదవడానికి బరువుగా ఉంటుంది. పడుచువాళ్ళు బాప్టిస్టులై, చనిపోయినవాళ్ళతో మాట్లాడడం మానేసిన కాలం గురించి రాశాడు. మనవైపు కూడా ఒక చోట శిలువ వచ్చింది, ఇంకో చోట రామ మందిరం వచ్చింది, రాళ్ళ దగ్గర గడ్డి పెరిగింది. ఎవరి నమ్మకం వాళ్ళది, దాని మీద మేం తీర్పు చెప్పం. దున్నపోతుల ఖర్చుకు అప్పు చేసి భూమి తాకట్టు పెట్టిన ఇళ్ళూ మనకు తెలుసు, కాబట్టి పాతదంతా బంగారమని కూడా అనం. పూజ మానేసినా రాయి ఎవరిదో రాసిపెట్టుకోవచ్చు, దానికి దున్నపోతు అక్కర్లేదు.

ఇక్కడ మన కుర్రవాళ్ళకు ఒక మాట. ఈమధ్య ఫోన్లలో తిరిగే పోస్టుల్లో దన్నానపేట నుంచి దామరవాయి దాకా ప్రతి రాతి సమాధీ మన తాతలదే అని రాస్తున్నారు. ఆవేశం అర్థమవుతుంది. కానీ దన్నానపేట బండ కింద పడుకున్నది సవరో, గదబో, మరొకరో చెప్పే ఆధారం ఏదీ లేదు. రెండున్నర వేల ఏళ్ళలో మనుషులు కలిశారు, విడిపోయారు, భాషలు మార్చుకున్నారు. మన వాదన రక్త సంబంధం మీద నిలబడనవసరం లేదు. ఆ పని ఏమిటో, ఎందుకు చేస్తారో లోపలి నుంచి తెలిసినవాళ్ళు ఈ దేశంలో ఇంకా ఉన్నారు, వాళ్ళను అడగకుండా రాసిన పాఠం సగం పాఠం. ఇంతవరకు గట్టిగా అనగలం. అంతకు మించి అంటే రాకాసి గుళ్ళు అన్నవాళ్ళకూ మనకూ తేడా ఉండదు.

పేర్ల విషయంలో ఈమధ్య ఒక మంచి ఉదాహరణ దొరికింది. తెలంగాణలో నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్ళు 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఆ ఊరివాళ్ళు ఆ రాళ్ళను నిలురాళ్ళ తిమ్మప్ప అని కొలుస్తారు. రాక్షసుడు లేడు, పాండవుడు లేడు, నిలబడ్డ రాయే దేవుడు. ఆ రాళ్ళు ఇంతకాలం నిలబడడానికి కంచె కన్నా ఆ పేరే ఎక్కువ కాపలా కాసిందని మా నమ్మకం.

ఇక అసలు సంగతి. ఇదంతా పాత రాళ్ళ మీద పండితుల తగువు అయితే ఇన్ని పేజీలు రాయం.

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం ఒక కట్టడం ప్రాచీనమైనది అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్ళు నిండి ఉండాలి. దన్నానపేట బండకు ఆ ఇబ్బంది లేదు. ముప్పై ఏళ్ళ కిందట ఒక సవర అమ్మమ్మ పేరున నాటిన రాయికి ఈ చట్టంలో చోటు లేదు. క్రషర్ వాడు వచ్చి పెకలిస్తే అది రాయి మాత్రమే. కానీ ఇంకో చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో అమల్లోకి వచ్చిన నిబంధనల్లో 13వ నిబంధన చదవండి. భూమి మీద హక్కు కోరేటప్పుడు చూపదగ్గ సాక్ష్యాల్లో, పాతకాలం నుంచి ఉన్నామని తెలిపే బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు కూడా ఉన్నాయి. వంశవృక్షం ఉంది. పెద్దలు చెప్పిన మాటను కాగితం మీద పెట్టినా సాక్ష్యమే. ఇంగ్లిషు వాళ్ళు ఫెటిష్ అన్నదీ, మన పుస్తకాలు బృహత్ శిల అన్నదీ, ఈ నిబంధన దగ్గరికి వచ్చేసరికి సాక్ష్యం అయింది. జార్ఖండ్ ముండాలు దీన్ని ఎప్పుడో గ్రహించారు. వాళ్ళ సాసన్‌దిరి రాళ్ళు సమాధులూ అవే, భూమి దస్తావేజులూ అవే. భూమి తగాదాల్లో సాక్ష్యం చూపమంటే ముండా పెద్దలు తమ రాళ్ళనే కలకత్తాకు మోసుకుపోయారని అక్కడ చెప్పుకుంటారు.

గజపతినగరం మండలం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. అందువల్ల మైదానం గదబల్లో చాలామంది ఈ చట్టం కొండమీది వాళ్ళదే అనుకుంటారు. అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం దగ్గర ఆగిపోదు. అటవీ భూమి ఎక్కడుంటే అక్కడ వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ భూమిలో ఉంటున్న ఆదివాసీ ఎవరైనా అడగవచ్చు. క్లెయిము పరిశీలించేటప్పుడు ఒకటికి మించిన సాక్ష్యాలు చూస్తారు కాబట్టి శ్మశానం ఒకటి, వంశవృక్షం ఒకటి, పెద్దల వాంగ్మూలం ఒకటి జతపడితే కాగితం బరువెక్కుతుంది. ఈ మూడూ ఆ రాళ్ళ దగ్గరే ఉన్నాయి.

అందుకే ఉపాధ్యాయులకు మేం చెప్పేది చాలా చిన్న పని. ఏడో తరగతి పిల్లలకు ప్రాజెక్టు పని ఇవ్వాలి కదా. చార్టు మీద హరప్పా ఎద్దు ముద్ర గీయించే బదులు ఊళ్ళో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని శ్మశానం దగ్గరికి తీసుకెళ్ళండి. సవర ఊరైతే ఏ రాయి ఎవరిదో అడిగించండి. అవ్వ చెప్పినట్టే, ఆమె మాటల్లోనే, సవరలో చెబితే సవరలోనే రాయించండి. రాయి లేని ఊళ్ళో చెట్టు ఉంటుంది, దిబ్బ ఉంటుంది, పగిలిన కుండ పెంకులు ఉంటాయి. పెంకును ఏరి ఇంటికి తేవద్దు, తవ్వవద్దు, అది నేరమే కాక సాక్ష్యం చెదిరిపోతుంది. ఉన్నచోటే ఫోటో తీసి, గెడ్డకు ఏ పక్క, ఎన్ని అడుగుల దూరం అన్నది రాయండి. కింద పెద్దవాళ్ళ వేలిముద్ర, తేదీ పెట్టించి, ఒక కాపీ అటవీ హక్కుల కమిటీకి ఇవ్వండి.

కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి శాశ్వత భవనాలు మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో, అంటే గజపతినగరానికి కూతవేటు దూరంలో లేస్తున్నాయి. అక్కడ లైబ్రరీ కూడా వస్తుంది, బీరువాలు కూడా వస్తాయి. మన పిల్లలు రాసిన ఆ నోటు పుస్తకాలు అక్కడికి చేరితే వాటిని ఏ బీరువాలో పెట్టాలో లైబ్రేరియన్‌కు పాలుపోకపోవచ్చు. అది ఆయన తిప్పలు. ఈ దసరా సెలవుల్లోపు మన ఊళ్ళలో ఎన్ని రాళ్ళకు పేర్లు రాయగలమన్నది మన లెక్క. ఆ పేర్లు నోటికి చెప్పగలిగిన అవ్వలు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు.